పేర్రాజు ముందు వాటా

భోజనాలయ్యాయా? మజ్జిగ తాగడం కూడా కానిచ్చి కూర్చోండి. మధ్యలో నవ్వొచ్చి ఎవరికైనా పొలమారితే నా పూచీ లేదు.

కొత్తకోడూరులో పేర్రాజు అని ఒక మహానుభావుడు ఉండేవాడు. ఆయన, భార్య మంగాయమ్మ, ముప్ఫయ్యేళ్ళొచ్చినా పెళ్ళికాని తమ్ముడు సూరన్న, ఇంటికి ముగ్గురే. ఆ ఇంట్లో ఉప్పుకి లోటుండేది, పప్పుకి లోటుండేది గానీ తెలివికి మాత్రం లోటని ఎవరూ అనుకునేవారు కాదు. ఎవరూ అంటే ఆ ముగ్గురూను. "మా తాత బుర్ర వాడి ఎరగడు. మా నాన్న దాన్ని ముట్టుకోనన్నా ముట్టుకోలేదు. రెండు తరాల తెలివి పైసా ఖర్చు కాకుండా నా చేతికొచ్చింది. నేను మాత్రం దుబారా చేస్తానా?" అని పేర్రాజు అరుగు మీద కూర్చుని దారేపోయేవాళ్ళకి చెప్పేవాడు. "అన్నయ్య తర్వాత అదంతా నాకే" అని సూరన్న పక్కనుంచి మీసం దువ్వేవాడు.

అంత తెలివున్న పేర్రాజుకీ ఒక దిగులుండేది. మంగాయమ్మ అక్క మొగుడు కామరాజుకి కాకినాడలో ఎనిమిది వాటాల ఇల్లుంది. ఎనిమిది వాటాల్లోనూ అద్దెకున్నవాళ్ళే. ఆయన కూతురి పెళ్ళికి వీళ్ళు ముగ్గురూ వెళ్ళారు. పందిట్లో ఎవరో "ఓనరుగారూ!" అని కేకేశారు. పేర్రాజు గభాల్న వెనక్కి తిరిగి "ఆయ్!" అన్నాడు. అంతే! పందిరి పందిరంతా గొల్లుమంది. "మిమ్మల్ని కాదండీ బాబూ, కామరాజుగారిని" అన్నాడు ఆ పిలిచినాయన.

పేర్రాజుకి బూరె గొంతు దిగలేదు. ఇంటికొచ్చే దారంతా ఒకటే బాధ.

"నాకూ ఇల్లుంది కదే మంగా. మరి నన్నెందుకు ఓనరుగారూ అనరు?"

"మనింట్లో ఉండేది మనమే కదండీ. మనల్ని మనమే ఓనరుగారూ అని పిలుచుకుంటే చూసేవాళ్ళేమనుకుంటారు?" అంది మంగాయమ్మ.

నిజమే కదా అనుకున్నాడు పేర్రాజు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి పాపం. చచ్చేలోగా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఎవరైనా తనని ఓనరుగారూ అనాలి. ఆ మాట చెవిన పడితే చాలు, ఇంకేం అక్కర్లేదు. ఇంకేముంది, ఇంటిని రెండు వాటాలు చేసేశారు. వెనక వాటాలోకి తాము సర్దుకున్నారు, ముందు వాటా అద్దెకిద్దామని తీర్మానించారు.

అయితే తెలివున్నవాడు ఏ పనీ అడక్కుండా చెయ్యడు. మళ్ళీ కాకినాడ బస్సెక్కి, ముగ్గురూ కామరాజు ముందు కూర్చున్నారు.

కామరాజు పడకకుర్చీలో వాలి తాపీగా చెప్పుకొచ్చాడు. "చూడు తమ్ముడూ, ముందు పదిమందికీ కనపడేలా బోర్డు కట్టు. ఎవడు పడితే వాడికి ఇల్లివ్వకు. వాళ్ళు ఇప్పుడుంటున్న ఇంటి ఓనరు దగ్గరికి నువ్వే స్వయంగా వెళ్ళి, వీళ్ళెలాంటివాళ్ళని అడుగు. ఆయన మంచివాళ్ళంటేనే తాళం ఇవ్వు, బంధువులైనా సరే! అమ్మాయ్ మంగా, ఇల్లు ఒక్క పూట కూడా ఖాళీగా ఉంచకండి. ఖాళీ ఇల్లు బూజుపట్టి పాడైపోతుంది. ఇంట్లో ఎక్కడ ఏది పొంగినా, ఏది కారినా ఓనరుదే బాధ్యత, వెంటనే పరిగెత్తాలి. గోడకి మేకన్నది కనపడకూడదు. ఇకపోతే, అద్దెకొచ్చినవాళ్ళని సొంత మనుషుల్లా చూసుకోండి. అప్పుడు వెళ్ళమన్నా వెళ్ళరు."

ఇన్ని మాటలు ఒక్కళ్ళ బుర్రలో పెడితే బరువెక్కి మెడ వంగిపోతుందని ముగ్గురూ తలా రెండు పంచుకున్నారు. బోర్డూ, ఆరా తియ్యడం పేర్రాజువి. ఖాళీ సంగతీ, పొంగడం కారడం మంగాయమ్మవి. మేకులూ, సొంత మనుషులూ సూరన్నవి. బస్సులో ఎవరివి వాళ్ళు వల్లెవేసుకుంటూ వచ్చారు. పక్క సీట్లో ఆవిడ భయపడి లేచి నిలబడింది.

బస్సు దిగగానే పేర్రాజు బోర్డు రాయించాడు. 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అని ఎర్రరంగుతో గుమ్మడికాయంత అక్షరాలు. తన ఇంటి గోడకి కట్టి, అరుగు మీద కూర్చుని చూశాడు. కనపడలేదు. మెడ తిప్పాడు, వంగాడు, ఉహూఁ.

"సూరన్నా, ఇదేం బోర్డురా? అరుగు మీదున్న నాకే కనపడకపోతే పదిమందికీ ఎలా కనపడుతుంది?"

"ఎదురింటికి కడితే మనకి భేషుగ్గా కనపడుతుంది అన్నయ్యా" అన్నాడు సూరన్న.

వారసత్వం ఊరికే పోతుందా! బోర్డు తీసుకెళ్ళి ఎదురింటి భద్రయ్య గోడకి కట్టేశారు. భద్రయ్య చేతికర్ర లేకుండా ఉండడు, కోపం లేకుండా అసలే ఉండడు. మర్నాడు పొద్దున్నించీ ఆయన గుమ్మంలో ఒకటే జనం. "ఇల్లు అద్దెకిస్తారటగా ఓనరుగారూ?", "ఎన్ని గదులండీ ఓనరుగారూ?" ముందు పదిమందినీ భద్రయ్య కర్రతో తరిమాడు. పదకొండోవాడొచ్చేసరికి ఆయనకీ ఆ పిలుపు కాస్త తియ్యగా తగిలింది. "సరే, పెరట్లో ఒక ఒంటి గది ఉంది, చూస్తారా?" అన్నాడు.

ఎదురరుగు మీంచి ఇదంతా విన్న పేర్రాజుకి కడుపు రగిలిపోయింది. బోర్డు నాది, ఎర్రరంగు నాది, పిలుపు మాత్రం ఆయనకా! అయితే బోర్డు అరుగు మీంచి ఎంత చక్కగా కనపడుతోందంటే, తియ్యడానికి మనసొప్పలేదు.

ఈలోగా మంగాయమ్మకి తన రెండు మాటల్లో మొదటిది గుర్తొచ్చింది. "ఏవండోయ్, ముందు వాటా ఖాళీగా ఉంది! పాడైపోతుంది!" అంది గుండెలు బాదుకుంటూ. అంతే, ముగ్గురూ పరుగో పరుగు. గడ్డివామి పీకి మూడు గదుల్లోనూ గడ్డిమోపులు కుక్కారు. నడవలో పిడకలు పేర్చారు. వంటింట్లో ఇంకా ఒక గేదె పట్టేంత చోటు మిగిలింది. గేదె ఎలాగూ ఉంది కదా, దాన్ని తోలుకొచ్చి వంటింట్లో కట్టారు. "ఇప్పుడు పాడవమను చూద్దాం" అంది మంగాయమ్మ చేతులు దులుపుకుని.

భద్రయ్య ఒంటిగది చాలనివాళ్ళు ఒకళ్ళూ ఇద్దరూ ఇటు వచ్చేవారు. "ఖాళీ ఉందాండీ?"

"జానెడు కూడా లేదు! మమ్మల్ని ఏమనుకున్నారు?" అని మంగాయమ్మ పొగరుగా చెప్పేది. వాళ్ళు వెళ్ళిపోయేవారు. వారం గడిచింది. ఒక్కరూ మిగల్లేదు. ఇన్ని జాగ్రత్తలు తీసుకుంటున్నా అద్దెకెవరూ రారేమిటా అని పేర్రాజు నీరసపడిపోయాడు. ఊరికే కూర్చోలేక సూరన్న తన వాటాకొచ్చిన పని మొదలెట్టాడు. పటకారు పుచ్చుకుని గోడలకున్న మేకులన్నీ పీకేశాడు. క్యాలెండరు మేకు పీకాడు, దేవుడి పటం మేకు పీకాడు. దేవుణ్ణి కిందికి దింపేటప్పుడు మాత్రం దణ్ణం పెట్టుకున్నాడు. గోడలు అయిపోయాయి, పటకారు మాత్రం ఆగలేదు.

"తలుపు మేకులు గోడవేనా అన్నయ్యా?"

పేర్రాజు వేళ్ళు మడుస్తూ లెక్కేశాడు. "తలుపు దేనికుంది? గుమ్మానికి. గుమ్మం దేనికుంది? గోడకి. గోడవే."

ఇంకేముంది, వీధి తలుపు మేకులు కూడా డబ్బాలోకి వెళ్ళాయి. తలుపుని గుమ్మానికి ఆనించి నిలబెట్టారు.

సరిగ్గా అప్పుడే విశ్వనాథం మాస్టారు వచ్చాడు. ఊళ్ళో హైస్కూలుకి కొత్తగా బదిలీ అయిన లెక్కల మాస్టారు. రామచంద్రపురంలో ఉన్న ఇంట్లోంచి సామాను బండికెక్కించి, భార్య రాజ్యలక్ష్మితో సహా దిగిపోయాడు. మంచి మనిషి. ఆయనకి ఓపికెక్కువ. ఎక్కువ కాబట్టే ఇంత కథ నడిచింది, లేకపోతే ఈపాటికి మీరంతా పడుకునేవారు.

మాస్టారు తలుపు తట్టాడు. తలుపు దబ్బుమని లోపలికి పడింది. లోపల గడ్డి. గడ్డి వెనకాల ఎక్కడో గేదె అరిచింది.

"ఖాళీ ఉందాండీ?" అన్నాడు మాస్టారు అనుమానంగా.

"జానెడు కూడా లేదు" అంది మంగాయమ్మ.

లెక్కల మాస్టారు కదా, ప్రశ్న మార్చి వేశాడు. "పోనీ, ఖాళీ చేస్తారా?"

"ఎందుకు చెయ్యం? మీరు లోపలికి రాగానే చేస్తాం."

"మీరు ఖాళీ చేస్తే కదమ్మా మేం లోపలికొచ్చేది!"

"మీరు రాకుండా చేస్తే ఇల్లు ఖాళీ అయిపోదూ? పాడైపోతే ఎవరిది పూచీ?"

మాస్టారు బండి మీదున్న పెట్టె మీద కూర్చుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు. అంతలో పేర్రాజుకి తన రెండో మాట గుర్తొచ్చింది. "ఉండండుండండి, ముందు మీ పాత ఓనరుని అడిగి రావాలి" అని ఉన్న పళంగా రామచంద్రపురం బస్సెక్కేశాడు. మాస్టారూ భార్యా బండి పక్కనే కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిని, సాయంత్రం దాకా ఎదురుచూశారు. బడి తెరిచేశారు, ఊళ్ళో ఇంకో ఇల్లు లేదు, ఏం చేస్తారు మరి? పొద్దు వాలుతుండగా పేర్రాజు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. "ఆయన మంచివాళ్ళన్నాడు. ఇచ్చేస్తున్నా" అన్నాడు. మాస్టారికి ఎందుకో ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

దిగడం ఎలా దిగారో కూడా చెప్పాలి. మాస్టారి పెట్టె ఒకటి లోపలికి వెళ్తే గడ్డిమోపు ఒకటి బయటికి వచ్చింది. బిందె వెళ్తే పిడకలు వచ్చాయి. పరుపు వెళ్తే రెండు మోపులు వచ్చాయి. చివరికి రాజ్యలక్ష్మి కుడికాలు లోపల పెట్టింది, గేదె ఎడమకాలు బయట పెట్టింది. ఇల్లు రెప్పపాటు కూడా ఖాళీగా లేదు. మంగాయమ్మ మురిసిపోయింది.

మర్నాడు మంచి ఘడియ చూసుకుని రాజ్యలక్ష్మి పాలు పొంగించడానికి కూర్చుంది. కొత్తింట్లో దిగితే అందరం చేసేదే కదా. పొయ్యికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొత్తగిన్నెలో పాలు పోసింది. పాలు కాగి, నురగ లేచి, అంచు దాటాయి.

"పొంగిందండోయ్! ఓనరుదే బాధ్యత!" అని పొలికేక పెట్టి మంగాయమ్మ ఇసక బకెట్టుతో దూకింది. బుస్సుమంది పొయ్యి. పాలల్లో ఇసక, రాజ్యలక్ష్మి జుట్టులో ఇసక.

"అయ్యో, పాలు పొంగాలమ్మా! పొంగితేనే శుభం!" రాజ్యలక్ష్మి ఏడుపు గొంతుతో అంది.

"పొంగాక శుభమేవిటమ్మా? మా బావగారు స్పష్టంగా చెప్పారు" అంది మంగాయమ్మ.

రెండోసారి పాలు పెట్టారు. ఈసారి పేర్రాజు పైపులు బాగుచేసే రంగన్నని వెంటబెట్టుకుని వచ్చాడు. రంగన్న పానా పట్టుకుని "ఎక్కడండీ లీకు?" అన్నాడు. "ఇంకా కాలేదు, ఆ గిన్నెలోంచి కారబోతోంది, సిద్ధంగా ఉండు" అన్నాడు పేర్రాజు. రంగన్న గిన్నె చుట్టూ తిరిగి చూసి, "దీనికి వాషరు లేదండీ" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ గొడవలో పాలు విరిగాయి.

మూడోసారి మాస్టారు తెలివిగా, "అన్నట్టు, డాబా మీద నీళ్ళ తొట్టి పొంగుతోందేమో కాస్త చూస్తారా?" అన్నాడు. ముగ్గురూ నిచ్చెనెక్కి తొట్టి చుట్టూ కూర్చున్నారు. అందులో నీళ్ళే లేవు. అయినా ఎప్పుడైనా పొంగవచ్చు కదా అని మధ్యాహ్నం దాకా రెప్ప వెయ్యకుండా చూశారు. కింద పాలు హాయిగా పొంగాయి.

డాబా దిగి వచ్చిన పేర్రాజు గుమ్మం ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఇక ఇప్పుడు పిలవాలి. అద్దెకొచ్చినవాళ్ళున్నారు, ఇల్లుంది, పాలు కూడా పొంగాయి. ఇంకేం కావాలి? మాస్టారు బయటికొచ్చి నవ్వుతూ నోరు తెరిచాడు. "ఏవండీ, ఓన..."

"ఆగండాగండి!" సూరన్న మధ్యలో దూరాడు. "మనం మనం సొంత మనుషులం. సొంత మనుషుల్లో ఓనరేమిటండీ, పరాయి పిలుపు! అన్నయ్యా అనండి."

పేర్రాజు తమ్ముడి మెడ పిసికేద్దామనుకున్నాడు. కానీ మాట పెద్దాయన చెప్పింది. కాదంటే మాస్టారు వెళ్ళిపోతాడేమో! "అవును, అన్నయ్యా అనండి" అన్నాడు.

"అలాగే అన్నయ్యగారూ" అన్నాడు మాస్టారు. అంతే. ఆ పిలుపు అక్కడితో పోయింది.

ఇక ఆ రోజునించీ సొంత మనుషుల్లా చూసుకోవడం మొదలైంది. బాబోయ్, ఆ చూసుకోవడం పగవాడికి కూడా వద్దు. సొంతింట్లో తలుపు కొట్టి ఎవరైనా వస్తారా? తలుపెలాగూ లేదు. సూరన్న నేరుగా వచ్చి ఇస్త్రీ చేసిన మాస్టారి చొక్కా తొడుక్కుని సంతకి వెళ్ళేవాడు. అన్నయ్య చొక్కాలు ఇన్నాళ్ళూ అలాగే తొడుక్కున్నాడు మరి. మాస్టారు చిరిగిన చొక్కాతో బడికి వెళ్ళేవాడు. రాజ్యలక్ష్మి కూర దింపగానే మంగాయమ్మ వచ్చి మూత తీసి, వేలితో నాకి, "ఉప్పు తక్కువైంది, మీ అమ్మ నేర్పలేదా?" అనేది. సొంత తోడికోడలుంటే ఆ మాటే అనేది కదా! భోజనాలప్పుడు పేర్రాజు మాస్టారి కంచంలోంచి అప్పడం తీసుకునేవాడు. మధ్యాహ్నం మాస్టారి మంచం మీద పడుకుని, "అటు జరుగు తమ్ముడూ" అనేవాడు.

అన్నిటికన్నా పెద్ద ముప్పు తగాదా. పేర్రాజు ఇంట్లో ముగ్గురూ పొద్దున్న లేవగానే ఒకసారి తిట్టుకుంటేగానీ కాఫీ తాగరు. మాస్టారిని వదిలేస్తే వేరు చేసినట్టవదూ? అందుకని రోజూ ఆరింటికి ముగ్గురూ వరసగా వచ్చి నిలబడేవారు.

"ఏవయ్యా దద్దమ్మా, లేచావా?" అని పేర్రాజు ప్రేమగా మొదలెట్టేవాడు. "ఊఁ, ఇప్పుడు మీరు తిట్టండి."

"నాకు రాదండీ" అనేవాడు మాస్టారు చేతులు జోడించి.

"మొహమాటపడకండి. సొంత మనుషులం."

"సరే... మీరు... కొంచెం తెలివితక్కువ పని చేస్తున్నారు" అనేవాడు మాస్టారు నేల చూపులు చూస్తూ.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకుని పడీ పడీ నవ్వేవారు. "ఇదా తిట్టు? అస్సలు నమ్మేలా లేదు. రేపు ఇంకాస్త బాగా తిట్టాలి" అని చెప్పి కాఫీ తాగి వెళ్ళేవారు. ఎవరి కాఫీ అంటారా? రాజ్యలక్ష్మి పెట్టిందే!

మూడు వారాలు ఓర్చుకుంది రాజ్యలక్ష్మి. నాలుగో ఆదివారం చీర కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "నావల్ల కాదండీ. ఈ ఇంట్లో వాళ్ళైనా ఉండాలి, మనమైనా ఉండాలి" అని మొగుడితో గట్టిగా అంది. తలుపు లేదు కదా, ఆ మాట నేరుగా వెనక వాటాలోకి వెళ్ళి కూర్చుంది.

పేర్రాజు కూలబడిపోయాడు. "మాస్టారు వెళ్ళిపోతే ఎలాగే? ఇంకా నన్ను ఒక్కసారైనా పిలవలేదు!"

"ముందు వాటా ఖాళీ అయిపోతుంది" అంది మంగాయమ్మ.

సూరన్న పైకప్పుకేసి చూశాడు. రెండు తరాల తెలివిలోంచి ఒక చెంచాడు బయటికొచ్చింది. "అన్నయ్యా, ఆవిడేమంది? వాళ్ళైనా ఉండాలి, మనమైనా ఉండాలి అంది. వాళ్ళు వెళ్ళకూడదంటే?"

"మనం వెళ్ళాలి!" అని ముగ్గురూ ఒకేసారి లేచారు.

ఇంకేముంది, గంటలో మూట కట్టేశారు. మూటలూ, గేదె, మేకుల డబ్బా పట్టుకుని వీధిలోకొచ్చారు. మాస్టారూ రాజ్యలక్ష్మీ గుమ్మంలో నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్నారు. "మేం లేమని దిగులు పెట్టుకోకండి. తొట్టి పొంగితే కేకేయండి" అని మంగాయమ్మ కళ్ళు తుడుచుకుంది.

దూరం ఏం వెళ్ళలేదు లెండి. రోడ్డు దాటి భద్రయ్య పెరట్లో ఒంటిగదిలో అద్దెకి దిగారు. అందులో ఉన్నవాళ్ళు ఆ క్రితం రోజే ఖాళీ చేసి వెళ్ళారట. భద్రయ్య వీళ్ళని చూసి గుర్రుమన్నాడు గానీ, పేర్రాజు చేతులు జోడించి "దయచూడండి ఓనరుగారూ" అనేసరికి మెత్తబడిపోయాడు. తన నోటితో తనే ఆ మాట భద్రయ్యని అనాల్సి వచ్చిందే అని పేర్రాజు ఆ పూట అన్నం ముట్టలేదు.

గది నిండిపోయింది కాబట్టి భద్రయ్య ఎర్రరంగు బోర్డు విప్పి, "ఎవరిది వాళ్ళకి చేరాలి" అని విసురుగా రోడ్డు దాటి వెళ్ళి, పేర్రాజు ఇంటి పక్కగా రోడ్డు మీదికి కనపడే వెనక వాటా గుమ్మానికి తగిలించి వచ్చాడు.

కొత్తింట్లో సూరన్న రెండ్రోజులు కూడా ఊరుకోలేదు. గోడకి మేకు కనపడకూడదు కదా. భద్రయ్య తండ్రిగారి పటం కింద పడింది. చిలక్కొయ్య పడింది. మూడోనాడు పెరటి తలుపు సరిగ్గా భద్రయ్య కాలి బొటనవేలి మీద పడింది. అంతే! భద్రయ్య కర్రెత్తి, "సాయంత్రంలోగా నా కొంప వదలండి!" అని కేకలేశాడు.

ముగ్గురూ మూటలు నెత్తినెట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు. ఎదురుగా గుమ్మడికాయంత ఎర్ర అక్షరాలు. 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును.'

"ఏవండోయ్, ఆ ఇల్లు చూడండి. అచ్చం మనకి కుదిరినట్టుంది" అంది మంగాయమ్మ.

"మనిల్లే కదే అది."

"అయితే మరీ మంచిది! ఓనరు తెలిసినాయనే. కాదనడు."

"తెలిసినాయనని ఊరికే దూరిపోతామా? పద్ధతి ప్రకారం అడగాలి" అన్నాడు పేర్రాజు.

ముగ్గురూ వెళ్ళి వెనక వాటా మెట్ల కింద వినయంగా నిలబడ్డారు. "మీరే పిలవండి" అంది మంగాయమ్మ మొగుణ్ణి ముందుకి తోస్తూ. పేర్రాజు "ఓనరుగారూ!" అని పిలిచాడు. లోపల్నించి ఉలుకూ లేదు పలుకూ లేదు. "ఈ ఓనరెవరో గానీ గర్వం ఎక్కువలా ఉంది వదినా" అన్నాడు సూరన్న. ఈసారి మంగాయమ్మా, సూరన్నా కలిసి గొంతెత్తారు. "ఓనరుగారూ! ఓ ఓనరుగారూ!"

ఆ మాట చెవిన పడగానే పేర్రాజుకి ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నాళ్ళూ ఏ మాట కోసం ఎదురుచూశాడో అదే మాట! తన ఇంటి ముందు నిలబడి పిలుస్తున్నారు! మూట కింద పడేసి, నాలుగు మెట్లూ ఒక్క ఉరుకులో ఎక్కి, గుమ్మంలో నిలబడి ఇటు తిరిగాడు. "ఆయ్! ఎవరండీ?"

"ఇల్లు కావాలండీ ఓనరుగారూ. ముగ్గురమే. ఒక గేదె" అంది మంగాయమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని.

పేర్రాజు కళ్ళు చెమర్చాయి. ఎంత మంచిపిల్ల, ఎంత మర్యాద! అప్పటికప్పుడు తాళం చేతిలో పెట్టేద్దామనుకున్నాడు. పెట్టేసేవాడే, తన వాటాకొచ్చిన రెండో మాట అడ్డం పడింది. బంధువులైనా సరే, ఆరా తియ్యాలి.

"ఇక్కడే ఉండండి. మీ ఓనరుని అడిగొస్తా" అని గంభీరంగా మెట్లు దిగి, రోడ్డు దాటి, బొటనవేలికి కట్టు కట్టుకుంటున్న భద్రయ్య దగ్గరికి వెళ్ళాడు. "ఏవండీ, మీ ఒంటిగదిలో ఇందాకటిదాకా ఉన్న ముగ్గురూ ఎలాంటివాళ్ళు? నా వాటా అడుగుతున్నారు."

భద్రయ్య పేర్రాజుని కిందనించి పైదాకా చూశాడు. వెక్కిరిస్తున్నాడా అనుకున్నాడు. కాదు, మొహం కడిగిన ముత్యంలా ఉంది. "ఆ ముగ్గురా? శుద్ధ మొద్దావతారాలు! అందులో పెద్దవాడున్నాడే, వాడంత వెర్రివాడు ఈ జిల్లాలో లేడు. ఇల్లిచ్చావో, నీ కొంప కొల్లేరే!" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

"మంచిమాట చెప్పారు, బతికించారు" అని దణ్ణం పెట్టి, పేర్రాజు ధుమధుమలాడుతూ తిరిగొచ్చాడు. గుమ్మంలో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"మీ సంగతంతా తెలిసింది. మీలాంటివాళ్ళకి నా ఇల్లివ్వను. వెళ్ళండి!"

"అలా అనకండి ఓనరుగారూ, ఇంకెక్కడికీ వెళ్ళలేం" అని మంగాయమ్మ బతిమాలింది. సూరన్న మేకుల డబ్బా కూడా ఇస్తానన్నాడు. ఉహూఁ, ఓనరు కరగలేదు. "వద్దులే వదినా, ఇంత నికార్సయిన పెద్దమనిషి ఇంట్లో ఉండే రాత మనకెక్కడిది" అని సూరన్న మూట ఎత్తుకున్నాడు. పేర్రాజు కూడా మెట్లు దిగి వచ్చి, తన మూట తను నెత్తినెట్టుకుని, పెళ్ళాం భుజం తట్టాడు. "నేనూ లోపలికెళ్ళి అడిగి చూశానే. గట్టి మనిషి. ఒప్పుకోలేదు."

ముగ్గురూ గేదెని తోలుకుంటూ బయల్దేరారు. వీధి మలుపు దాకా వెళ్ళాక పేర్రాజుకి ఏదో తట్టి, వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. ముందు వాటా గుమ్మంలో మాస్టారు పరీక్ష పేపర్లు ముందేసుకుని కూర్చున్నాడు. జరిగిందంతా ఇందాక కిటికీలోంచి చూశాడేమో, ఎర్ర కలం చేతిలోంచి ఎప్పుడో జారిపోయింది.

"మాస్టారూ, ఒక్కమాట" అన్నాడు పేర్రాజు రొప్పుతూ. "ముగ్గురు మనుషులు గేదెతో తిరుగుతున్నారు. అందులో పెద్దవాడు చూడ్డానికి అచ్చం నాలాగే ఉంటాడు, మోసపోకండి. ఎప్పుడైనా వచ్చి ఇల్లడిగితే చచ్చినా గుమ్మం తొక్కనివ్వకండి."

మాస్టారు లేచి నిలబడ్డాడు. ఆయన ముప్ఫయ్యేళ్ళుగా లెక్కలు చెబుతున్నాడు, ఇలాంటి లెక్క ఎన్నడూ చూడలేదు. రెండు చేతులూ జోడించి అన్నాడు.

"చిత్తం, ఓనరుగారూ."